సీసాలో బతికిన మొక్క కుండీలో ఎందుకు పోతుంది? చల్లటి కొండల ఆర్కిడ్లు, విత్తనం నుంచి

చల్లటి కొండల్లో పెరిగే ఆర్కిడ్లను విత్తనం నుంచి పెంచుదామనుకునే వాళ్లందరికీ మొదట పట్టుకునే టెన్షన్ ఒకటే, విత్తనం మొలుస్తుందా అని. నిజానికి అంత భయపడాల్సింది దాని గురించి కాదు. ఆర్కిడ్ విత్తనాన్ని మొలిపించడం ఎలాగో వందేళ్ల కిందటే తేలిపోయింది, ప్రెషర్ కుక్కరూ కాస్త ఓపికా ఉన్న ఎవరైనా వంటింట్లోనే చేయగలరు. మొలిపించేది క్రిములు లేని గాజు సీసాలో, అసలు కథ ఆ సీసా మూత తీసిన రోజు మొదలవుతుంది. ఏడాదిపాటు లోపల పచ్చగా, ముద్దుగా పెరిగిన వంద మొక్కల్లో బయటకొచ్చిన రెండు మూడు నెలలకు ఐదారు కూడా మిగలకపోతే, తప్పు విత్తనానిదీ కాదు, సీసాలో తిండిగా పోసిన మందుదీ కాదు. ఆ మొక్కకు ఎలాంటి చల్లదనం కావాలో, ఆ అవసరాన్ని సీసా ఇన్నాళ్లూ ఎలా కప్పిపెట్టిందో అర్థం కాకపోవడమే.

ముందు విత్తనం సంగతి. ఆర్కిడ్ కాయ పగిలితే రాలేది గింజలు కాదు, పొడి. ఒక్కో గింజ బరువు మిల్లీగ్రాములో వెయ్యో వంతు లెక్కలో, అంటే మైక్రోగ్రాముల్లో ఉంటుంది. వరి గింజలోనో కందిలోనో మొలకకు తిండిగా పిండి నిల్వ ఉంటుంది కదా, ఇందులో ఆ భాగమే లేదు. పల్చటి తొడుగు, లోపల చాలావరకు గాలి, మధ్యలో కొన్ని కణాల పిండం, అంతే. గాలికి మైళ్ల దూరం పోవడానికి ఇది బాగుంటుంది, పడిన చోట బతకడానికి మాత్రం చేతిలో ఏమీ ఉండదు. ఐరోపాలోని ఆర్కిస్ మాక్యులేటా అనే మామూలు ఆర్కిడ్ కాయ ఒకదాంట్లో దాదాపు 6,200 విత్తనాలుంటాయని 1862లో డార్విన్ లెక్క తేల్చాడు. ఇవన్నీ మొలిస్తే ఒక్క మొక్క మునిమనవలే భూమ్మీద ఉన్న నేలంతా కప్పేస్తారని కూడా రాశాడు. అలా జరగట్లేదంటే ఎక్కడో గట్టి అడ్డంకి ఉన్నట్టే. ఉష్ణమండలపు ఆర్కిడ్లలో కొన్నిటి కాయల్లో ఈ సంఖ్య లక్షలు దాటుతుంది, అడ్డంకి మాత్రం అన్నిటికీ ఒకటే.

ఆ అడ్డంకి ఏమిటో పట్టుకున్నది ఫ్రాన్స్‌కు చెందిన నోయెల్ బెర్నార్. 1899లో అడవిలో ఆకుల కింద కుళ్లుతున్న ఒక ఆర్కిడ్ కాడ చుట్టూ గుంపుగా మొలకలు కనిపించాయి, వాటన్నిటి లోపలా శిలీంధ్రపు దారాలున్నాయి. శిలీంధ్రం గింజలోకి చొరబడుతుంది, గింజ దాన్ని జీర్ణం చేసుకుని దానిలోని చక్కెరను లాక్కుంటుంది. అంటే పుట్టుకతోనే అప్పు మీద బతికే మొక్క ఇది. అంతకుముందు తోటమాలులకు ఈ సంగతి తెలియదు కానీ, తల్లిమొక్క కుండీలోనే విత్తనం చల్లితే అప్పుడప్పుడు నాలుగు మొలుస్తాయని అనుభవంతో తెలుసు. ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీలో జాన్ డోమినీ పెంచిన కలాంతె సంకరజాతి 1856లో పూసింది, మనిషి చేతిలో తయారై పూసిన మొదటి ఆర్కిడ్ సంకరం అదే. కానీ ఆ పద్ధతిలో వేల గింజలు చల్లితే చేతికొచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నుడ్సన్ ఈ ముడి తేలిగ్గా విప్పేశాడు. శిలీంధ్రం ఇచ్చేది ప్రధానంగా చక్కెరే అయితే, ఆ చక్కెరేదో మనమే ఇచ్చేస్తే పోలేదా? ఖనిజ లవణాలు, అగర్ (జెల్లీలా గడ్డకట్టించే పొడి), చక్కెర కలిపి, సూక్ష్మజీవి అన్నది లేకుండా శుభ్రం చేసిన సీసాలో విత్తనం చల్లాడు, శిలీంధ్రం లేకుండానే మొలిచింది. ఇవాళ బజార్లో దొరికే ప్రతి ఫలెనాప్సిస్ ఆర్కిడ్ వెనకా ఉన్నది ఈ చక్కెరే. ఈ చక్కెరను గుర్తుపెట్టుకోండి, చల్లటి ఆర్కిడ్ల విషయంలో మొలిపించిందీ ఇదే, తర్వాత మోసం చేసేదీ ఇదే.

పని ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెప్పాలంటే, కాయ పూర్తిగా పండి పగిలేదాకా ఆగకుండా పచ్చిగా ఉన్నప్పుడే కోయడం చాలామందికి ఇష్టం. మూసి ఉన్న కాయ లోపల క్రిములుండవు, కాబట్టి పైతోలును స్పిరిట్‌లో ముంచి ఒక్క క్షణం మంట చూపించి, శుభ్రమైన బ్లేడుతో చీల్చి విత్తనాన్ని నేరుగా సీసాలో రాల్చేయొచ్చు. ఎండిన విత్తనమైతే బ్లీచ్ నీళ్లలో పది నిమిషాలు అటూ ఇటూ కడిగి చల్లాలి, ఎక్కువసేపు ఉంచితే క్రిములతో పాటు పిండమూ చస్తుంది. సీసాలో పోసే మందు అంటే నుడ్సన్ మిశ్రమమో, ల్యాబుల్లో మొక్కలు పెంచడానికి వాడే మురాషిగే-స్కూగ్ లవణ మిశ్రమాన్ని సగానికి పల్చన చేసిందో, లీటరుకు ఇరవై గ్రాముల చక్కెర, ఏడెనిమిది గ్రాముల అగర్, ఆమ్లత్వం ఐదున్నర దగ్గర. కొందరు కొబ్బరి నీళ్లు, అరటిపండు గుజ్జు, బొగ్గు పొడి కూడా కలుపుతారు. మన ఇళ్లలో ఉండే ప్రెషర్ కుక్కర్ సుమారు 121 డిగ్రీల దాకా వెళ్తుంది, ల్యాబుల్లో ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ చేసేదీ అంతే, సీసాలను ఇరవై నిమిషాలు అందులో ఉంచితే చాలు. గాలిలోని క్రిములు పడకుండా ఫ్యాన్ ఆపేసి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు చేతులు పట్టే రెండు కన్నాలు పెట్టి లోపల స్పిరిట్ కొట్టుకుని పనిచేసేవాళ్లున్నారు. మొదటి విడత సీసాల్లో కొన్నిటికి బూజు పట్టడం మామూలే, దానికి బెంగ పెట్టుకోనక్కర్లేదు.

కొన్ని వారాలకు, కొన్ని జాతుల్లో నెలలకు, పొడి కాస్తా ఉబ్బి ఆకుపచ్చగా తిరుగుతుంది. గసగసాలంత ఉండలు, ఒంటి నిండా నూగు. వేరూ లేదు, ఆకూ లేదు. దీన్నే ప్రోటోకార్మ్ అంటారు. ఆ ఉండ కొసన చిన్న మొన లేస్తుంది, అది ఆకవుతుంది, ఆ తర్వాతే వేరు. ఒకటి రెండుసార్లు కొత్త సీసాల్లోకి మారుస్తూ ఏడాది, ఏడాదిన్నర లోపలే పెంచాలి.

ఇక్కడే మొదటి వింత. కొలంబియా, ఈక్వడార్, పెరూ కొండల్లో రెండు మూడు వేల మీటర్ల ఎత్తున, రాత్రి పది పన్నెండు డిగ్రీలకు పడిపోయే చోట పెరిగే మాస్డెవాలియా అనే ఆర్కిడ్ విత్తనం కూడా సీసాలో ఇరవై రెండు, ఇరవై నాలుగు డిగ్రీల గది వేడిలో శుభ్రంగా మొలిచి పెరుగుతుంది. దాన్ని చూసి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేస్తారు: విత్తనం నుంచి వచ్చింది కదా, మన వాతావరణానికి అలవాటుపడిపోయింది అని. అలవాటూ లేదు, ఏమీ లేదు. మొక్క పగలు వెలుతురులో చక్కెర తయారుచేసుకుంటుంది, రాత్రీ పగలూ ఊపిరి కోసం దాన్ని ఖర్చు పెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు ఉజ్జాయింపుగా రెట్టింపవుతుంది. పొగమంచులో, తక్కువ వెలుతురులో, చల్లటి రాత్రులకు తగ్గట్టు ఒళ్లు మలుచుకున్న మొక్కకు ఆదాయం తక్కువ, ఖర్చూ తక్కువ. దాన్ని తెచ్చి ఇరవై ఏడు డిగ్రీల రాత్రిలో పెడితే పగలు సంపాదించింది తెల్లారేసరికి ఊడ్చుకుపోతుంది. సీసాలో ఉన్నన్నాళ్లూ ఈ లెక్క బయటపడదు, ఎందుకంటే అడుగున అగర్ నిండా చక్కెర ఉంది, ఎంత ఖర్చయినా వేరు లాక్కుంటూనే ఉంటుంది. బయటకు తీసిన రోజు ఆ సరఫరా ఆగిపోతుంది. మొక్క ఒక్కరోజులో చావదు. కొత్త ఆకు పాత ఆకు కన్నా చిన్నదిగా వస్తుంది, దాని తర్వాతది ఇంకా చిన్నది, వేరు కొస నల్లబడుతుంది, రెండో నెలకో మూడో నెలకో మొదలు దగ్గర గోధుమ రంగు మచ్చ. అప్పుడు మనం కుళ్లు తెగులు అని మందు కొడతాం. తెగులు నిజమే, కానీ అది ఆకలితో ఉన్న ఒంటి మీదికి వచ్చింది.

పైగా మాస్డెవాలియాలకు, వాటి దగ్గరి చుట్టాలైన డ్రాక్యులాలకు దుంప లేదు. డెండ్రోబియం అనే ఆర్కిడ్‌కు లావైన కాడలు, సింబిడియం అనేదానికి ఉల్లిగడ్డలాంటి దుబ్బు ఉంటాయి, కష్టకాలంలో వాటిలో దాచుకున్నది తింటాయి. మాస్డెవాలియాకు ఉన్నదల్లా కాస్త దళసరి ఆకు. అందుకే ఒక వారం వడగాలి సింబిడియాన్ని నీరసపెడితే, మాస్డెవాలియాను చంపేస్తుంది.

సీసా దాచిపెట్టే సంగతి ఇంకొకటుంది. లోపల గాలిలో తేమ నూటికి నూరు దగ్గర. ఆకు మీద మైనపు పొర సరిగా ఏర్పడదు, ఆకు రంధ్రాలకు మూసుకోవడం సరిగా రాదు. బయటకు తీయగానే నీరంతా ఆవిరైపోతుంది. దీనికి విరుగుడు అందరికీ తెలిసిందే: అగర్‌ను గోరువెచ్చని నీళ్లతో పూర్తిగా కడిగేయాలి (మిగిలిన చక్కెర బూజుకు విందు), స్ఫాగ్నమ్ నాచులో పదీ ఇరవై మొక్కలను ఒకే కుండీలో దగ్గరదగ్గరగా నాటాలి, పైన పారదర్శకమైన మూత పెట్టి వారాల తరబడి కొంచెం కొంచెంగా తెరుస్తూ పోవాలి. తేమ సంగతి చూసుకుని వేడి సంగతి వదిలేస్తే మాత్రం మూత కింద ఉడికిన ఆకుకూర మిగులుతుంది.

ఏ చల్లదనం?

చల్లటి ఆర్కిడ్ అనగానే మంచు, చలికాలం గుర్తుకొస్తాయి. లంబసింగిలో సున్నా దగ్గరికి పడుతుంది కదా, అక్కడ పెంచేయొచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. అక్కడే రెండు రకాల చల్లదనాన్ని విడదీసి చూడాలి. భూమధ్యరేఖకు దగ్గరున్న ఆండీస్ మబ్బు అడవుల్లో ఏడాది పొడవునా దాదాపు ఒకటే వాతావరణం. జనవరి అయినా జులై అయినా పగలు పదహారు నుంచి ఇరవై, రాత్రి పది పన్నెండు. మంచు గడ్డకట్టడం లేదు, ఎండాకాలం లేదు. అక్కడి మొక్కకు కావలసింది చలి కాదు, ఎప్పటికీ వేడెక్కకపోవడం. మచుపిచ్చు ప్రాంతపు మాస్డెవాలియా వీచియానా ఇలాంటిదే, నారింజ రంగు పువ్వు, దాని మీద ఊదా నూగు. ఒకసారి చూస్తే ఎలాగైనా పెంచాలనిపిస్తుంది, తప్పులేదు. కానీ లంబసింగి ఉన్నది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున. అక్కడ డిసెంబరు తెల్లవారుజామున ఎముకలు కొరికే చలి ఉన్న మాట నిజమే, వేసవి మధ్యాహ్నం ముప్పై దాటడమూ నిజమే. ఈ మొక్క ఆ డిసెంబరును కాదు, ఆ ఏప్రిల్‌ను తట్టుకోలేదు. ఊటీ 2,240 మీటర్లు, కొడైకెనాల్ రెండు వేల పైచిలుకు, అక్కడైతే మాట వేరు. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్క వేసుకుంటే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది.

రెండో రకం హిమాలయాల చల్లదనం. వానాకాలం వెచ్చగా, తడిగా. చలికాలం చల్లగా, పొడిగా. డెండ్రోబియం నోబిలే (సిక్కిం రాష్ట్ర పుష్పం), ప్లియోనీలు, కొండ సింబిడియాలు ఈ కోవలోవి. వీటికి చలికాలం ఒక సంకేతం. కొన్ని వారాలపాటు రాత్రులు పది, పద్నాలుగు డిగ్రీల మధ్యకు దిగి, నీళ్లు తగ్గితేనే నోబిలే మొగ్గ తొడుగుతుంది, లేకపోతే కణుపుల దగ్గర పువ్వుకు బదులు పిల్ల మొక్కలు వేస్తుంది. వేసవి వేడిని మాత్రం ఇది మాస్డెవాలియాకన్నా ఎంతో బాగా ఓర్చుకుంటుంది. తెలుగు నేల మీద విత్తనం నుంచి మొదలుపెట్టి పువ్వు దాకా వెళ్లే అవకాశం ఎక్కువున్న చల్లటి ఆర్కిడ్ ఏదంటే ఇదే చెప్పాలి. అరకు, చింతపల్లి వైపు సరే, ఆదిలాబాద్ చలికీ ఇబ్బంది లేదు, హైదరాబాద్ డిసెంబరు రాత్రులు కూడా చాలావరకు సరిపోతాయి. విశాఖ, కాకినాడ తీరంలో మొక్క పచ్చగా ఉంటుంది కానీ పువ్వు మీద ఆశ తగ్గించుకోవాలి. ప్లియోనీల విషయంలో చలికాలం వెచ్చగా ఉండే ఊళ్లవాళ్లు ఆకులు రాలిన దుంపలను ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టి ఆ లోటు తీరుస్తారు, ఆలోచన మంచిదే, కానీ మన మే నెలను ఫ్రిజ్‌లో పెట్టలేం కదా.

ఇక మూడోది, నిజమైన శీతల దేశాల నేల ఆర్కిడ్లు. వీటిలో సిప్రిపీడియం లాంటివాటికి చలి విత్తనం దశలోనే కావాలి. పూర్తిగా పండిన విత్తనం గట్టి తొడుగుతో నిద్రపోతుంది, నాలుగైదు డిగ్రీల్లో రెండు మూడు నెలలు గడిపితే గానీ లేవదు. పచ్చికాయ పద్ధతికి అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది, నిద్ర పట్టకముందే గింజను బయటకు తీసేస్తే సగం పని తప్పుతుంది. బ్రిటన్‌లో సిప్రిపీడియం కాల్సియోలస్ ఇరవయ్యో శతాబ్దంలో యార్క్‌షైర్‌లో ఒకే ఒక్క అడవి మొక్కగా మిగిలింది. లండన్‌లోని క్యూ ఉద్యానవనం వాళ్లు చేతితో పరాగసంపర్కం చేయించి, పచ్చి విత్తనాన్ని సీసాల్లో పెంచి తిరిగి నేలలో నాటారు, అలా నాటిన వాటిలో మొదటి పువ్వు 2000లో వచ్చింది. ఇలాంటి నేల ఆర్కిడ్లలో చాలావాటికి చక్కెర మందు కన్నా, ఓట్స్ పొడి కలిపిన పల్చటి అగర్‌లో అసలు శిలీంధ్రాన్నే తోడుగా పెట్టడం బాగా పనిచేస్తుంది, బయటకొచ్చాక కూడా తోడు ఉంటుంది కాబట్టి. దక్షిణాఫ్రికా టేబుల్ మౌంటెన్ వాగుల పక్కన పెరిగే డైసా యూనిఫ్లోరా అయితే అసలు సీసానే అడగదు. విత్తనం కాస్త పెద్దది, తాజాగా ఉంటే తడి స్ఫాగ్నమ్ మీద చల్లినా మొలుస్తుంది. వేరు దగ్గర చల్లటి, ఉప్పు లేని నీళ్లు ఎప్పుడూ ఉండాలి, అదొక్కటే దాని పట్టు. ఆ ఒక్కటీ మనకు కష్టం.

ఎంత దూరం వెళ్లొచ్చు

పట్టుదల ఉంటే హైదరాబాద్‌లో మాస్డెవాలియా పెంచలేమా అంటే, డబ్బా లాంటి గాజు పెట్టె, చల్లబరిచే యంత్రం, ఎల్ఈడీ లైట్లు, కరెంటు పోతే ఇన్వర్టరు ఉంటే పెంచొచ్చు. అది తోటపని కన్నా యంత్రాన్ని కాపలా కాయడమే ఎక్కువ. కూలర్‌తో ఎంతవరకు నెట్టుకురావచ్చో ఊరిని బట్టి ఉంటుంది. తెలంగాణలో నలభై డిగ్రీల పొడి మధ్యాహ్నం, గాలిలో తేమ ఇరవై శాతమే ఉంటే, మంచి కూలర్ గాలిని ఇరవై ఆరు దాకా దించగలదు, మధ్యరకం చల్లదనం కోరే జాతులకు అది ప్రాణం నిలబెట్టేంత. విజయవాడలోనో విశాఖలోనో అదే కూలర్ ఉక్కపోతను పెంచడం తప్ప ఏమీ చేయదు, ఎందుకంటే గాలి అప్పటికే తడిసి ఉంది. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో తీరం వైపు ఉండే మనవాళ్లకు మాత్రం ఈ తలనొప్పి లేదు, సముద్రం మీంచి వచ్చే పొగమంచుతో అక్కడ మాస్డెవాలియాలు, సింబిడియాలు పెరట్లోనే పెరుగుతాయి. లోపలి వైపు శాక్రమెంటోలో ఉంటే మళ్లీ మన కష్టాలే.

నీళ్ల సంగతి చాలామంది ఆఖర్న చూస్తారు, ముందు చూడాలి. హైదరాబాద్ బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, సీసా నుంచి వచ్చిన వేరు దాన్ని అసలు ఓర్చుకోదు. వాన నీళ్లు పట్టి పెట్టుకోవాలి, లేదంటే ఆర్వో నీళ్లు. ఆకు కొసలు నల్లబడ్డాయంటే వేడి కన్నా ముందు నీళ్లనే అనుమానించడం నయం.

మరి ఇంత కష్టం ఎందుకు, ఈశాన్య రాష్ట్రాల నుంచి ఎదిగిన మొక్కే ఆన్‌లైన్లో చవగ్గా వస్తుంది కదా? ఫోటోలు జాగ్రత్తగా చూడండి. వేర్లు తెగి, బెరడు ముక్కలు అంటుకుని, ఆకుల మీద పురుగు తిన్న పాత మచ్చలతో ఉన్న మొక్క నర్సరీలో పుట్టింది కాదు, చెట్టు మీంచి పీకింది. ఖాసీ కొండల నీలి వాండా ఆర్కిడ్‌ను పందొమ్మిదో శతాబ్దం నుంచీ బుట్టలకెత్తి ఇలాగే ఖాళీ చేశారు. అంతరించే ప్రమాదమున్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైటిస్ దాన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో పెట్టింది, 2004లో బ్యాంకాక్ సమావేశంలో రెండో జాబితాలోకి దించింది. నర్సరీల్లో విత్తనం నుంచి పెంచినవి విరివిగా దొరకడం అందుకొక ముఖ్య కారణం. దక్షిణాది కొండల్లోని ఏకైక పాఫియోపెడిలం ఆర్కిడ్, అగస్త్యమల మీది డ్రూరీ జాతి, ఇప్పటికీ మొదటి జాబితాలోనే ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నీలి వాండా, ఎర్ర వాండా, పాఫియోపెడిలాలు అన్నీ రక్షిత మొక్కలే, అడవి నుంచి తెచ్చిందని తేలితే కొన్నవాళ్లకూ చిక్కే.

విదేశీ జాతుల విషయంలో సీసాకు ఒక వెసులుబాటుంది. క్రిములు లేని సీసాల్లో పెంచిన ఆర్కిడ్ మొలకలకు, రెండో జాబితా జాతులైతే, సైటిస్ పర్మిట్ అక్కర్లేదు. కానీ మన దేశంలోకి తేవాలంటే మొక్కల క్వారంటైన్ నిబంధనల కింద దిగుమతి పర్మిట్, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం రెండూ కావాలి. ఇవి లేకుండా బ్యాగులో బట్టల మధ్య పెట్టి తెచ్చేవాళ్లున్నారు. విమానాశ్రయంలో దొరికితే పారేస్తారు, దొరక్కపోతే మే నెల చూసుకుంటుంది.